ఆరోగ్యశ్రీ వల్లే వైద్యం ఖరీదైందా?

"సర్కారు డబ్బు వస్తుందని ఆసుపత్రులు రేట్లు పెంచేశాయి. పథకాలు ఎత్తేస్తే పోటీ పెరిగి వైద్యం దానంతటదే చవకవుతుంది." అమలాపురం నుంచి భీమవరం దాకా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మాట ఇది. ఒక్కో ముక్కా విప్పి చూద్దాం.

రేట్లు పెంచేశాయన్నది మొదటి ముక్క. పథకం కింద చేసే చికిత్సకు ఆ వీలే లేదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో ఒక్కో చికిత్సకు, పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు ప్యాకేజీ ధర ముందే నిర్ణయిస్తుంది. పరీక్షలు, ఆపరేషను, మందులు, మంచం, భోజనం, ఇంటికెళ్లాక పది రోజుల మందులు అందులోనే. ఆ ధర చాలడం లేదనీ, బకాయిలు నెలల తరబడి రావడం లేదనీ ఆసుపత్రులే గోల పెడుతున్నాయి. ఆ లోటును పథకం లేని రోగుల బిల్లులో కలిపే చోట్ల తప్పు చెల్లింపులది. మందు కూడా అక్కడే వేయాలి: ధరలు సవరించాలి, బిల్లులు గడువులోగా చెల్లించాలి.

పోటీ ధర తగ్గిస్తుందట. గుండెపోటుతో కాకినాడలోనో రాజమండ్రిలోనో క్యాథ్‌ల్యాబ్ (గుండె రక్తనాళాలకు చికిత్స చేసే గది) బల్ల మీద పడుకున్న మనిషి, మూసుకుపోయిన నాళాన్ని తెరిచి ఉంచే స్టెంటు ధర బేరమాడగలడా? ఎంచుకునేది డాక్టరు, డబ్బు కట్టేది రోగి. అందుకే కంపెనీలు ఆసుపత్రికి ఎక్కువ మార్జిన్ ఇవ్వడంలో పోటీ పడ్డాయి, దానితో ఎమ్మార్పీ పైకే పోయింది. మందు పూత స్టెంటు ఎమ్మార్పీ సగటున 1.21 లక్షల దాకా ఉండేది. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ గరిష్ఠ ధర 29,600 రూపాయలుగా నిర్ణయించాకే దిగింది.

ఉచితం కాబట్టి అక్కర్లేని ఆపరేషన్లు చేస్తున్నారన్న మాటలో నిజం లేకపోలేదు. గర్భసంచి తీసివేతలు అలాగే పెరిగాయి. ఉమ్మడి రాష్ట్రంలో వాటిని ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. అంటే కావలసింది గట్టి నిఘా.

అసలు జేబు చిల్లయ్యేది ఓపీ దగ్గర, మందుల షాపు దగ్గర. చాలావరకు పథకం అక్కడికి చేరలేదు. బీపీకి, షుగరుకు నెలనెలా వాడే బిళ్లలు ధరల నియంత్రణ జాబితాలో ఉంటే గరిష్ఠ ధర ఉంటుంది. లేకపోతే కంపెనీ ఏటా 10 శాతం దాకా పెంచుకోవచ్చు. డాక్టరు చీటీలో బ్రాండు పేరుకు బదులు మందు పేరు రాయించుకుని జన ఔషధి షాపులో అడిగితే చాలా మందులు సగానికన్నా తక్కువకే దొరుకుతాయి. గోదావరి మధ్య లంక గ్రామాల వాళ్లకు పడవ, ఆటో ఖర్చులు వీటికి అదనం. ఏ పోటీ వాటిని తగ్గిస్తుంది?

పథకం కింద చేరాక ఎవరైనా "పైన కొంచెం కట్టండి" అంటే రసీదు అడగండి. పథకం తరఫున రోగులకు సాయం చేయడానికి ఆసుపత్రిలోనే ఉండే ఆరోగ్యమిత్రకు చెప్పండి, 104కు ఫోన్ చేయండి. రసీదు ఇవ్వకపోతే అడిగిన మొత్తం, తేదీ, కౌంటరు కాగితం మీద రాసుకుని ఫిర్యాదులో ఆ వివరాలే చెప్పండి.