నాట్య ప్రదర్శనల్లో నాట్యం అవసరమా?

డిసెంబరు వస్తోంది. అటు చెన్నై సభల్లో, ఇటు రవీంద్రభారతిలో నాట్య ప్రదర్శనలు వరస కడతాయి. ఈ శుభసందర్భంలో ఒక తీవ్ర సమస్యను సాంస్కృతిక శాఖ వారి దృష్టికి తేక తప్పడం లేదు. సభ సజావుగా సాగుతుండగా మధ్యలో కొందరు గజ్జెలు కట్టుకుని వేదికెక్కి నృత్యం చేస్తున్నారు. సన్మానాలకు దీనివల్ల చాలా అంతరాయం కలుగుతోంది.

ఆహ్వాన పత్రిక అచ్చువేసేవారికి మాత్రం వివేకం ఉంది. ముఖ్య అతిథి, గౌరవ అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, అందరికీ ఫొటోలు వేస్తారు. నర్తకి పేరు ఆ అడుగున, ‘ప్రవేశం ఉచితం’ అన్న మాటకు కాస్త పైన ఉంటుంది. అయినా ఆవిడ మధ్యాహ్నం రెండింటికే వచ్చి జడ వేయించుకుని, పారాణి దిద్దుకుని కూర్చుంటుంది. ఈ తొందరపాటు దేనికో అర్థం కాదు. జ్యోతి ప్రజ్వలనకే అరగంట పడుతుంది. ఒక కొవ్వొత్తిని తొమ్మిది మంది పట్టుకోవడం తేలికా? అందుకే నిర్వాహకులు చివర్లో సౌమ్యంగా చెబుతారు: "అమ్మా, సమయాభావం. తరంగం కాస్త కుదించుకో." ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి జతికి తగ్గట్టు కదలడాన్ని ఎలా కుదించాలో ఆవిడే చూసుకోవాలి.

కూచిపూడిలో ప్రతి పాత్రా ప్రవేశ దరువుతో తనను తానే పరిచయం చేసుకుంటుంది. 1970లో పద్మశ్రీ అందుకున్న వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా వస్తే మగవాడంటే నమ్మేవారు కాదట. పూర్వం ఆ సత్యభామ కథ, అంటే భామాకలాపం, రాత్రంతా సాగేది. అతిథుల కొరత ఉన్న రోజులు మరి! 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన వెంపటి చినసత్యం దాన్ని రెండు మూడు గంటల నృత్యనాటకాలకు తెచ్చారు. మిగిలిన పని మనం పూర్తిచేశాం. ఇప్పుడు ఏడు నిమిషాలు.

ఇక పారితోషికం. హాలు అద్దె కడతారు. మైకు, లైట్లు, మేకప్, పూలు, అన్నిటికీ డబ్బిస్తారు. మృదంగం, వయొలిన్ వారికీ, తాళం వేస్తూ జతులు చెప్పే నట్టువాంగం వారికీ నర్తకే తన పర్సు తీసి ఇచ్చుకుంటుంది, లేదంటే పెన్‌డ్రైవ్‌తో సరిపెట్టుకుంటుంది. కళాసేవ చేసే భాగ్యం ఆవిడ ఒక్కదానికే దక్కింది. మైకు అతను ఇంతవరకూ ఎక్కడా కళాసేవ చేసిన దాఖలాలు లేవు. అతని కెరీర్ బాగుంది.

అమెరికాలోని మనవాళ్లు ఈ కెరీర్ గొడవను ఏనాడో పరిష్కరించారు. పదేళ్లు నేర్పించి, ఇక్కణ్నుంచి వాద్యబృందాన్ని విమానంలో రప్పించి, పెళ్లంత ఖర్చుతో అరంగేట్రం చేస్తారు. మర్నాటి నుంచి అమ్మాయి కాలేజీ దరఖాస్తుల్లో పడుతుంది. వృత్తి మొదలైన రోజే పదవీ విరమణ. ఇంత చక్కటి పద్ధతి మరే ఉద్యోగంలోనూ లేదు.

సామూహిక నృత్యం కూడా ఆదర్శప్రాయమే. 2016లో విజయవాడలో ఆరువేల మందికి పైగా ఒకేసారి కూచిపూడి ఆడారు, గిన్నిస్ రికార్డు వచ్చింది. అంతమందిలో ఒక్కరి అభినయం గురించి విమర్శకుడు నోరెత్తగలడా? సత్యభామ అలక డ్రోనుకైనా కనిపించదు.

కాబట్టి రాబోయే సీజనుకు నా ప్రతిపాదన ఒక్కటే. సభలు, శాలువాలు, జ్ఞాపికలు యథాతథంగా ఉంచి, నృత్యాన్ని ఐచ్ఛికం చేయాలి. మరీ రావాలని ఉంటే నర్తకి రావచ్చు, వేదిక పక్కన నిలబడి శాలువాలు అందించవచ్చు. పళ్లెం ఎలాగూ ఆవిడ తెచ్చుకున్నదే ఉంటుంది.