తూనీగల ఫొటోలకైతే 60 కాదు, 100 ఎంఎం లెన్సు తీసుకోండి

కొత్తవాళ్లకి 60 ఎంఎం మ్యాక్రో లెన్సు (చిన్నవాటిని బాగా దగ్గరగా తీసే లెన్సు) చాలని మీ వ్యాసంలో రాశారు. పూలకీ నాణేలకీ చాలు. మన నెల్లూరు చెరువు గట్టు మీద తూనీగలకి మాత్రం చాలదండీ. 1:1 సైజు, అంటే సెన్సారు మీద పురుగు అసలు సైజులోనే పడాలంటే, 60తో దానికి సుమారు 9 సెంటీమీటర్ల దాకా వెళ్లాలి. నీడ పడగానే ఎగిరిపోతుంది. 100 ఎంఎంతో 13, 14 సెంటీమీటర్ల ఎడం దొరుకుతుంది. హుడ్ (లెన్సు ముందు తగిలించే నీడ గొట్టం) పెడితే అందులోనూ కోతే, తీసేయండి.

వ్యాసంలో లేని ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. 1:1 దగ్గర అపర్చర్ (లెన్సులో వెలుగు దూరే రంధ్రం; ఎఫ్ అంకె పెరిగితే అది చిన్నదవుతుంది) ఎఫ్/8 పెట్టినా సెన్సారుకి చేరే వెలుగు ఎఫ్/16 అంతే. ఫుల్ ఫ్రేమ్‌లో (పాత 35 ఎంఎం ఫిల్మ్ అంత సెన్సారు) ఫోకస్ నిలిచేది 1 మిల్లీమీటరే: కళ్లు స్పష్టంగా వస్తే రెక్క కొస మసక. అలాగని ఎఫ్/22కి పోతే డిఫ్రాక్షన్‌తో (చిన్న రంధ్రం దగ్గర వెలుగు చెదరడంతో) బొమ్మంతా మెత్తబడుతుంది. ఎఫ్/11, 1/200 సెకను, ట్రేసింగ్ కాగితం కట్టిన ఫ్లాష్ పెట్టుకోండి. ఫోకస్ రింగు తిప్పొద్దు. 1:1కి పెట్టి వదిలేసి, ఒళ్లు కాస్త ముందుకీ వెనక్కీ కదుపుతూ కంటి గళ్లు తేలిన క్షణాన నొక్కాలి. పొద్దున్నే వెళ్లండి, సముద్రపు గాలి మొదలైతే గడ్డిపోచ నిలవదు.

డబ్బులు చాలకపోతే ఉన్న 50 ఎంఎంకి 25 ఎంఎం ఎక్స్‌టెన్షన్ ట్యూబు (కెమెరాకీ లెన్సుకీ మధ్య బిగించే ఖాళీ గొట్టం) వేయండి, అసలులో సగం సైజు వస్తుంది. కెమెరాకీ లెన్సుకీ కరెంటు సంకేతాలు కలిపే కాంటాక్టులు లేని చౌక ట్యూబు మాత్రం వద్దు, చాలా లెన్సులకి కెమెరా నుంచి అపర్చర్ మారదు.