పేరు చెప్పకుండా అన్నీ చెప్పేయడం ఎలా?

ఈ మధ్య మన జాతిని ఒక గడ్డు సమస్య పట్టి పీడిస్తోంది. సొంత సంగతులు నెట్‌లో రాసుకోవాలి, రాసింది తామని ఎవరికీ తెలియకూడదు. తీరా ఎవరికీ తెలియకపోతే అదొక దిగులు. పొద్దున్నే మారుపేరుతో అత్తగారి మీద ఆరు పేరాలు రాసి పెట్టి, సాయంత్రానికల్లా "ఎంత బాగా రాశారండీ, ఇంతకీ మీరెవరు?" అని ఒక్కరైనా అడగకపోతే అన్నం సయించదు. అడిగితేనేమో నిద్ర పట్టదు. పౌరులు ఇంత టెన్షన్ పడుతుంటే ఏ ప్రభుత్వమూ కనీసం ఒక కమిటీ వెయ్యకపోవడం విచారకరం. వాళ్లు వేసేలోపు, విషయం తెలిసినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు చెప్పడం నా బాధ్యత.

అజ్ఞాతవాసం అనగానే మనకు పాండవులు గుర్తొస్తారు, వాళ్లేదో అందులో ఫస్ట్‌క్లాసులో పాసైనట్టు. విరాటపర్వం ఒకసారి నిదానంగా తిరగేయండి. పన్నెండేళ్ల అరణ్యవాసం అయ్యాక పదమూడో ఏడు ఎవరికంటా పడకుండా ఉండాలన్నది షరతు. పడితే కథ మళ్లీ మొదటికొస్తుంది. అంత షరతు నెత్తిన పెట్టుకుని ధర్మరాజు చేసిందేమిటి? కంకుభట్టని పేరు మార్చుకుని విరాటరాజు కొలువులో పాచికలాడే ఉద్యోగంలో చేరాడు. ఏ జూదం అడవికి పంపిందో ఆ జూదమే! భీముడు వలలుడై వంటశాలలో చేరి, తీరిక దొరికినప్పుడు మల్లయుద్ధాలు చేశాడు. నకులుడు గుర్రాల దగ్గరికి, సహదేవుడు ఆవుల దగ్గరికి వెళ్లారు. ఒక్కరైనా తనకు అలవాటు లేని పని ఎంచుకున్నారా? పైగా ఇదివరకు ఎక్కడుండేవాడివని అడిగితే ధర్మరాజు, యుధిష్ఠిరుడికి స్నేహితుణ్ణని చెప్పాడు. సైరంధ్రి వేషంలో ఉన్న ద్రౌపది, ద్రౌపది దగ్గర పనిచేశానంది. తమకు తామే రిఫరెన్సు ఇచ్చుకున్నారు. ఇప్పుడు మారుపేరుతో రాసేవాడు ఇంకో మారుపేరుతో కిందకొచ్చి "ఈ రచయిత నాకు బాగా తెలుసు, చాలా లోతైన మనిషి" అని రాసుకుంటున్నాడంటే, ఊరికే రాలేదు. వెనక అంత సంప్రదాయం ఉంది.

కీచకుణ్ణి కాళ్లూ చేతులూ తెలియకుండా ముద్ద చేసి చంపారన్న కబురు హస్తినకు చేరగానే దుర్యోధనుడు లెక్క కట్టేశాడు: ఇది భీముడి పనే. కింద సంతకం అక్కర్లేదు, శైలి చాలు. ఇక అర్జునుడి సంగతి మరీ చోద్యం. ఏడాది పొడుగునా బృహన్నలగా పిల్లలకు నాట్యం నేర్పుకుంటూ గుట్టుగా ఉన్న మనిషి, జమ్మిచెట్టు దగ్గర ఉత్తరకుమారుడు "నువ్వే అర్జునుడివైతే నీ పది పేర్లూ చెప్పు" అనడమే ఆలస్యం, అర్జునుడు ఫల్గుణుడు పార్థుడు కిరీటి అంటూ పదీ ఒప్పజెప్పి, ఏ పేరు ఎందుకొచ్చిందో కూడా విడమరిచాడు. పిడుగులు పడుతుంటే మన పిల్లలు ఇప్పటికీ ఆ పేర్లే జపిస్తారు. అడిగేవాడు దొరకాలి గానీ, దాక్కున్నవాడికి చెప్పుకోవాలని ఎంత ఆత్రమో చూడండి.

సాహిత్యంలో మన పెద్దలు ఈ విద్యలో కాస్త నయం. తెనాలి హోటళ్లలో సర్వరుగా పనిచేసిన ఎస్. నటరాజన్ అనే తమిళుడు 'శారద' పేరుతో తెలుగులో కథలూ నవలలూ రాశాడు. నీళ్ల గ్లాసు తెచ్చి టేబుల్ మీద పెట్టిన మనిషే శారద అని ఎవరనుకుంటారు? ఇంకోచోట భార్యాభర్తలిద్దరూ కలిసి 'బీనాదేవి' అనే ఒకే పేరుతో రాశారు. ఇంతకన్నా దివ్యమైన ఏర్పాటు లేదు. ఏ వాక్యం మీదైనా ఎవరైనా తగువుకొస్తే ఆవిడ ఆయన వైపూ, ఆయన ఆవిడ వైపూ చూపిస్తే సరిపోతుంది. పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారు ఇల్లాలి గొంతుతో కబుర్లు రాసి, కింద 'పురాణం సీత' అని పెట్టారు. మగ పేరు పోయింది, మనిషే మారిపోయారు, ఇంటిపేరు మాత్రం చెక్కు చెదరలేదు. తెలుగువాడు దేన్నయినా వదులుకోగలడు గానీ ఇంటిపేరును మాత్రం వదలలేడని నాకు అప్పుడే అర్థమైంది. 1965లో ఆరుగురు కవులు మాకు దాపరికాలు లేవు, మేం దిగంబరులం అని ప్రకటించుకున్నారు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న. ఒంటి మీద ఏమీ ఉంచుకోం అన్నవాళ్లు అందరికన్నా ముందు చేసిన పని కొత్త పేర్లు తొడుక్కోవడం. దీన్ని వెక్కిరింపుగా తీసుకోకండి. బట్టలు విప్పాలంటే పేరు కప్పుకోవాలన్న సూత్రం కనిపెట్టినందుకు వాళ్లకు నేను రుణపడి ఉన్నాను.

ఆ కాలం వేరు. ఇప్పుడు మారుపేర్ల మార్కెట్ చూస్తే జాలేస్తోంది. సగం వెన్నెలలు, సగం తుఫానులు. ఫొటో స్థానంలో సూర్యాస్తమయం, లేదా వెనక నుంచి తీసిన సొంత జడ. ముఖం కనిపించలేదు కాబట్టి ఎవరికీ తెలియదట. ఆ జడను పదిహేనేళ్లు అల్లిన తల్లికి కూడా తెలియదన్న మాట.

పేరు తీసేస్తే మనిషి దాక్కున్నట్టే అనుకోవడం ఎంత అమాయకత్వమో లతాన్యా స్వీనీ అనే అమెరికా పరిశోధకురాలు 2000లో తేల్చి చెప్పింది. 1990 జనాభా లెక్కలు పెట్టుకుని చూస్తే పిన్‌కోడ్, పుట్టిన తేదీ, ఆడా మగా, ఈ మూడు వివరాలతోనే అక్కడి జనంలో 87 శాతం మందిని విడివిడిగా గుర్తుపట్టొచ్చట. పాపం, ఆవిడకు మూడు వివరాలు కావాల్సొచ్చాయి. మన దగ్గర ఒక్కటి చాలు. మరమరాలను బొరుగులు అని రాశారా, మీరు రాయలసీమ మనిషి. గోంగూరను పుంటికూర అన్నారా, తెలంగాణ. ఇక మిగిలింది జిల్లా, మండలం, మీ మేనమామ ఏం చేస్తాడన్నది. అవి కనుక్కోవడం మనవాళ్లకు మధ్యాహ్నం భోజనానికీ కునుకుకూ మధ్య జరిగే పని.

నాకు తెలిసిన ఒక కుర్రాడు ఉన్నాడు. హైదరాబాదులో ఉద్యోగం. 'నిశాచరుడు' అనే పేరుతో రాస్తాడు. పేరు దాచాడు, ఊరు దాచాడు, చివరికి కంపెనీ కూడా దాచాడు. ఒకరోజు చిన్నప్పటి వానాకాలం గురించి రాశాడు. మూకుట్లో దిబ్బరొట్టె అడుగు మాడిపోవడం, ఆ మాడిన అడుగుముక్క కోసం పిల్లలిద్దరు కొట్టుకోవడం, నంజుకోవడానికి చెరుకు పానకం. అంతే. మర్నాడు పొద్దున ఏడింటికి రాజమండ్రి నుంచి ఫోన్.

"ఏరా, ఆ నిశాచరుడు నువ్వేగా?"

"ఎవరు చెప్పారు పిన్నీ?"

"ఒకరు చెప్పాలేమిట్రా? ఆ రోజు కొట్టుకున్నది నువ్వూ మా చిన్నాడూ. మూకుడు నాది. అది సరే గానీ, రొట్టె మాడలేదు. ఎర్రగా కాలింది. ముందు అది మార్చు, నలుగురూ చదువుతారు."

గమనించారా? తన ఇంటి గుట్టు బజారున పడిందని ఆవిడకు బాధ లేదు. వంట బాగాలేదని పడిందే, అదీ బాధ. కుర్రాడు మార్చాడు. ఇప్పుడు అక్కడ 'ఎర్రగా కాలిన' అని ఉంటుంది. పిల్లలు దానికోసం ఎందుకు కొట్టుకున్నారో కొత్తగా చదివేవాళ్లకు అర్థం కాదు.

2021లో కేంద్రం ఐటీ నిబంధనలు తెచ్చి, ఒక మెసేజ్‌ను మొట్టమొదట పుట్టించింది ఎవరో పెద్ద మెసేజింగ్ కంపెనీలు చెప్పగలగాలి అంది. అలా చెప్పాలంటే అందరి గోప్యతా పోతుందని వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. కేంద్రంవాళ్లు రాజమండ్రికి ఒక ఫోన్ కొట్టి ఉంటే ఈ కోర్టు ఖర్చులు ఉండేవి కావు.

రాసేవాడికి గుర్తుపట్టేవాళ్లతో పేచీ ఇలా ఉంటే, గుర్తుపట్టనివాళ్లతో పేచీ ఇంకో రకం. ఒక పెద్దమనిషి తమ అపార్ట్‌మెంటు ప్రెసిడెంటు మీద పేర్లు లేకుండా వాతలు తేలేలా రాశాడు. లిఫ్టు బాగుచేయించడానికి మూడు మీటింగులు పెట్టి, ప్రతి మీటింగులోనూ తన కూతురు అమెరికాలో కొన్న ఇంటి గురించే మాట్లాడే ప్రెసిడెంటు. మర్నాడు అపార్ట్‌మెంటు గ్రూపులో అదే వ్యాసం ప్రత్యక్షమైంది. పెట్టింది సాక్షాత్తూ ప్రెసిడెంటే. "ఎదురు అపార్ట్‌మెంటు ప్రెసిడెంటు గురించి ఎవరో భలే రాశారు, అందరూ తప్పక చదవండి" అని, పక్కన నవ్వే బొమ్మలు నాలుగు. ఈలోపు, ఈ కథతో ఏ సంబంధమూ లేని తోడల్లుడు, విజయవాడలో ఉంటాడాయన, లిఫ్టు లేని ఇంట్లో ఉంటాడు, తన మీదే రాశాడని మాట్లాడటం మానేశాడు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకోవడం సామెతగా అందరికీ తెలిసిందే. అసలు దొంగ తడుముకోడని మాత్రం ఆ సామెతలో లేదు.

అయినా రాసేవాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్లు కోరుకునేది న్యాయమైన కోరికే. ఎవరైనా లెక్కపెట్టుకుని చూడండి, మనం నిజంగా దాక్కోవాల్సింది ఓ పన్నెండు మంది నుంచి: ఇంట్లో ఇద్దరు ముగ్గురు, అత్తారింట్లో నలుగురు, ఆఫీసులో పై ఆయన, పెళ్లిళ్లలో తప్ప కనపడని ఒక బాబాయి, మిగతావి పాత బాకీలు. వీళ్లు తప్ప ప్రపంచమంతా మనల్ని గుర్తుపట్టాలి. గుర్తుపట్టి, ఎయిర్‌పోర్టులో ఆపి, "మీరు వారే కదూ!" అనాలి. మనం చిన్నగా నవ్వి, "అబ్బే, మీరు పొరబడ్డారు" అనాలి, వాళ్లు నమ్మకూడదు. వ్యవస్థ ఎంత తలకిందులుగా ఉందంటే, ప్రపంచంలో ఒక్కడూ గుర్తుపట్టడు. ఆ పన్నెండుమందీ మాత్రం మొదటి వారంలోనే పట్టేస్తారు. పట్టేసి ఊరుకోరు, లైకులు కూడా కొట్టరు. చదివి, స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటారు. ఏదో ఒక పండగ రోజు, గారెలు తింటుండగా, బయటికి తీస్తారు.

కాబట్టి సర్కారు తక్షణం చెయ్యాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. మారుపేరు రిజిస్టర్ చేయించుకుంటే బంధువుల పట్టిక తీసుకుని, ఆ పట్టికలోవాళ్ల ఫోన్లలో ఆ రాతలు కనపడకుండా చెయ్యాలి. సొంత భార్య మీద రాసేవాళ్లకు 'మా ఫ్రెండు భార్య' అనే పదబంధాన్ని ఉచితంగా వాడుకునే హక్కు ఇవ్వాలి. ఇప్పటికే అందరూ వాడుతున్నారు కాబట్టి ఖజానాకు నష్టం లేదు. ఇక, పిల్లల ముచ్చట్లు రాసి లైకులు పోగేసే తల్లిదండ్రుల విషయంలో నేను కాస్త కఠినంగా ఉంటాను. తమ పేరు దాచుకుని, పక్కతడిపే మూడేళ్లవాడి అసలు పేరూ, స్కూలు యూనిఫాం ఫొటో పెట్టేవాళ్లకు ఏ రాయితీలూ ఇవ్వకూడదు. వాడికి పద్దెనిమిదేళ్లొచ్చాక సొంత మారుపేరు ఎటూ ఉంటుంది, అప్పుడు వాడు రాసేది వీళ్లు చదువుకుంటారు.

అన్నిటికన్నా చిక్కు సన్మానం దగ్గర వస్తోంది. అజ్ఞాత రచయితకు అవార్డు ఇస్తామంటే వద్దనే గుండె ఎవరికుంది? వెళ్తే ముఖం తెలిసిపోతుంది, వెళ్లకపోతే శాలువా ఇంకొకడికి పోతుంది. దీనికి నా దగ్గర ఉపాయం ఉంది. శాలువాను భుజాల మీద కాకుండా తల మీదుగా, గడ్డం దాకా దించి కప్పాలి. పూలదండ దానిపైన. జ్ఞాపిక చేతికిచ్చేటప్పుడు ఉంగరాల వేళ్లు మాత్రం ఫొటోలో పడొచ్చు. వక్తలు పేరెత్తకుండా "వారు" అని సరిపెట్టుకోవాలి, మన సభల్లో అసలు పేరు సరిగ్గా పలికేవాళ్లు ఎటూ తక్కువే. నిర్వాహకులకు ఒక్క మనవి: ఆహ్వానం ఎవరికీ పంపకపోయినా సరే, ముందు వరసలో పన్నెండు కుర్చీలు ఖాళీగా ఉంచండి. వాళ్లొస్తారు.