మా ఇంటి నాలుగు కొమ్ముల రౌటరు గారికి

మహారాజశ్రీ రౌటరు గారి సముఖమునకు,

నివాసం: బెంగళూరు మారతహళ్లి, మూడో అంతస్తు, టీవీ స్టాండు మీద. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ క్షేమమేనని ఆ పచ్చ లైట్లు చూసి అనుకున్నాను. ఆ లైట్లని నమ్మే మొన్న ఆదివారం మొత్తం తగలేశాను.

విషయం చిన్నది. పడకగదిలో పాత డెస్క్‌టాప్, దాంట్లో చెల్లెలి పెళ్ళి ఫొటోలు, 40 జీబీ. హాల్లో కొత్త ల్యాప్‌టాప్. మధ్యన ఒక్క గోడ. ఒంగోలు నుంచి వచ్చిన నాన్న ఆ ఫొటోలు హాల్లో కూర్చుని చూస్తానన్నారు. "రెండిటికీ ఒకే నెట్టు నాన్నా, ఐదు నిమిషాలు" అన్నాను. ఇడ్లీలు తింటూ అన్న మాటది.

ఆ రెండు కంప్యూటర్లూ అమెరికా సర్వర్లతో గలగలా మాట్లాడతాయి. ఒకదానితో ఒకటి మాత్రం గట్టు తగాదా పడిన అన్నదమ్ములే. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత!

ముందు ల్యాప్‌టాప్ నుంచి పింగ్ కొట్టాను, అంటే డెస్క్‌టాప్‌ని 'ఉన్నావా' అని పిలిచి చూశాను. 1983లో మైక్ మ్యూస్ అనే ఆయన జలాంతర్గాముల సోనార్ చప్పుడు పేరు పెట్టి రాసిన బుల్లి ప్రోగ్రాము, ఇప్పటికీ మా బోటి వాళ్ళకి అదే నాడి పట్టే చెయ్యి. నాలుగుసార్లు పిలిచింది. నాలుగుసార్లూ "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్". అవతలిది చచ్చిందో, నిద్రపోయిందో, విని ఊరుకుందో ఆ మాటలో ఉండదు. విని ఊరుకుంది. విండోస్ మా ఇంటి నెట్‌వర్కును 'పబ్లిక్' అని రాసుకుందట. అంటే మా పడకగది దాని లెక్కలో మెజెస్టిక్ బస్టాండు! ఎవరు పిలిచినా పలకొద్దని ఫైర్‌వాల్ (కంప్యూటరుకి కాపలా కాసే ప్రోగ్రాము) ఆజ్ఞ. 'ప్రైవేట్' చేసి, ఫైల్ షేరింగ్ ఆన్ చేస్తే పలికింది.

కాఫీ చల్లారకముందే ఆ సంబరం చల్లారింది. ల్యాప్‌టాప్ పిలిస్తే డెస్క్‌టాప్ పలుకుతోంది. డెస్క్‌టాప్ పిలిస్తే ల్యాప్‌టాప్ ఉలకదు, పలకదు. దాని ఫైర్‌వాల్ కూడా తీసి చూశాను (కాసేపే లెండి). ఊహూఁ. నెట్‌వర్క్ ఫోల్డరు తెరిస్తే ఒక్క కంప్యూటరూ లేదు. "సాఫ్ట్‌వేరన్నావు కదరా" అన్నారు నాన్న, జాలిగానే.

నెట్‌వర్కులో ఆ రెండు కంప్యూటర్ల అడ్రసులూ పొద్దుటి నుంచీ కరెంటు బిల్లు వెనకాల నా చేతిరాతలోనే ఉన్నాయి. ల్యాప్‌టాప్ 192.168.0.7. డెస్క్‌టాప్ 192.168.1.5. సాయంత్రం టీ వేళకి నాన్న ఆ కాగితం తీసుకున్నారు. పోస్టాఫీసులో ముప్పై ఏళ్ళు ఉత్తరాలు వేరుచేసిన కళ్ళు అవి.

"ఇక్కడ సున్నా, అక్కడ ఒకటి. వేర్వేరు వీధులేంట్రా ఇవి?"

అవును, వేర్వేరు వీధులే. నెట్టువాళ్ళు గుమ్మం పక్కన తగిలించిన పెట్టె కూడా రౌటరే, తన వీధివాళ్ళకి తనే అడ్రసులు పంచుతుంది. దాని వెనకాల మిమ్మల్ని, ఎస్పీ రోడ్డులో బేరమాడి తెచ్చి మరీ, తగిలించింది నేను. డెస్క్‌టాప్ దాని వీధిలో ఉంది, ల్యాప్‌టాప్ తమరి వీధిలో. తమరి వీధివాళ్ళు బయటికి పోవచ్చు, జవాబు తెచ్చుకోవచ్చు. బయటివాళ్ళు తమంతట తాము లోపలికొస్తే మాత్రం తమరు గేటు తియ్యరు. అది తమరి తప్పు కాదు, తమరి ఉద్యోగమే అది. కానీ ఒక గుమ్మానికి ఇద్దరు వాచ్‌మన్లు ఎందుకండీ?

కనుక తెలియజేయునది ఏమనగా, ఆ రాత్రే తమరిని యాక్సెస్ పాయింట్ మోడ్‌కి మార్చాను. అడ్రసులు పంచే అధికారం ఇకపై గుమ్మం దగ్గరి పెట్టెదే. తమరు వైఫై మాత్రం పంచితే చాలు. కొమ్ములు నాలుగూ అలాగే ఉంచుకోవచ్చు.

రెండూ ఒకే వీధికొచ్చాయి, డెస్క్‌టాప్ పేరు కనపడింది. నొక్కితే పాస్‌వర్డు అడిగింది. దానికి పాస్‌వర్డే లేదు. "ఇంట్లో దొంగలెవర్రా" అని నాన్నే ఆనాడు పెట్టనివ్వలేదు. ఖాళీ పాస్‌వర్డుతో నెట్‌వర్కులోంచి రానివ్వనంటుంది విండోస్. చివరికి ఒంగోలు పిన్‌కోడు వెనక అమ్మ పేరు కలిపి పెట్టారు. మర్చిపోతానని కాగితం మీద రాసి తమరి నెత్తినే అంటించారు. తమరు బాగా వేడెక్కుతారు, టేపు ఊడొస్తోంది. కాస్త చూసుకోగలరు.

చిత్తగించవలెను,
టీవీ ఎదురుగా సోఫాలో ఉండేవాడు