"ఒక్క ఫోన్ చేసి ఉంటే" అనేవాళ్లకు

ఎవరైనా ప్రాణం తీసుకున్నారని తెలియగానే మన టైమ్‌లైన్ల నిండా ఒకటే మాట: "ఒక్క ఫోన్ చేసి ఉంటే బాగుండేది కదరా." దాని కింద "నా ఇన్‌బాక్స్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది" అని వరసగా కామెంట్లు. రాసేవాళ్ల బాధ అబద్ధం అనను. కానీ ఆ మాట చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి మంచం దిగి మొహం కడుక్కోవడమే పెద్ద పని. నువ్వు అందరికీ భారం, ఫోన్ చేస్తే విసుక్కుంటారు అని ఆ జబ్బు రోజంతా నమ్మిస్తూ ఉంటుంది. అలాంటి మనిషి మన నంబర్ వెతుక్కుని కష్టం చెప్పుకోవాలట. చెప్పుకోకుండా పోతే ఆ తప్పు కూడా పోయినవాళ్ల మీదే వేస్తాం.

ఫోన్ చేయాల్సింది మనం.

మా పిన్ని కొడుకు సంగతి చెబుతాను. వాడిని అడిగే రాస్తున్నాను. డిగ్రీ అయ్యాక గ్రూప్స్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకున్నాడు. 2022 అక్టోబర్‌లో తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశాడు. పేపర్ లీకైందని 2023 మార్చిలో అది రద్దయింది. జూన్‌లో మళ్లీ రాస్తే సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. అదొక్కటే కారణమని నేననను, ఈ జబ్బుకి ఒక్క కారణం ఉండదు. కానీ ఆ దసరాకి ఇంటికొచ్చినవాడు మళ్లీ రూమ్‌కి వెళ్లలేదు.

మొదట గుండె దడ, చెమటలు. ఈసీజీ తీస్తే నార్మల్. గ్యాస్ అన్నారు, మాత్రలిచ్చారు. ఊళ్లో ఆర్ఎంపీ సెలైన్ ఎక్కించాడు. పిన్ని దిష్టి తీసి తాయెత్తు కట్టించింది. "పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది" అని బాబాయ్ తీర్మానం. (వచ్చే ఆ పిల్ల ఏం పాపం చేసిందో!) సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్దామంటే, "ఎర్రగడ్డకా? రేపు వీడికి పిల్లనెవరిస్తారే?" అంది పిన్ని.

నేను రోజూ ఫోన్ చేసేదాన్ని. "బానే ఉన్నానక్కా" అని పెట్టేసేవాడు. నాలుగు రోజులు అసలు ఎత్తకపోయేసరికి బస్సెక్కి వెళ్లాను. పక్కన కూర్చుని కాసేపు అవీ ఇవీ మాట్లాడాక సూటిగా అడిగాను: "చచ్చిపోవాలని ఏమైనా అనిపిస్తోందారా?" పిన్ని వెనక నుంచి నా భుజం గిల్లింది. లేని ఆలోచన పుట్టిస్తానని ఆవిడ భయం. చాలామందికి ఉండే భయమే, కానీ అది నిజం కాదు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. వాడు గోడ వైపు చూస్తూ "అనిపిస్తోందక్కా" అన్నాడు. తర్వాత చాలాసేపు ఏడ్చాడు. నేను ధైర్యం చెప్పలేదు, భగవద్గీత వినిపించలేదు. ఆ రాత్రి వాడిని ఒంటరిగా వదల్లేదు. ఇంట్లో ఉన్న పొలం మందులు, మాత్రలు అన్నీ తీసి బాబాయ్ వేరే చోటికి పంపించేశాడు. తెల్లారి ఆసుపత్రికి బయల్దేరాం. అడిగినవాళ్లకి పిన్ని "నరాల డాక్టర్ దగ్గరికి" అని చెప్పింది. చెప్పుకోనీ, ముందు బస్సెక్కింది కదా.

ఇక్కడి నుంచి అసలు పని మొదలవుతుంది, దాని గురించి ఎవరూ పోస్టులు పెట్టరు. ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడాలి. ఈ మందులు పని చేయడానికి వారాలు పడుతుంది, ఈలోగా కడుపులో తిప్పడం, మత్తు లాంటివి మాత్రం ముందే వచ్చేస్తాయి. చాలామంది మానేసేది సరిగ్గా అప్పుడే. మావాడూ రెండో వారంలోనే "ఇవి నాకు పడట్లేదు" అన్నాడు. డాక్టర్‌కి చెబితే డోసు మార్చారు. పక్కన మనిషి లేకపోతే అక్కడితో కథ అయిపోయేది.

2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖ హాస్టల్లో చనిపోయిన నీట్ విద్యార్థిని కేసులో తీర్పు చెబుతూ, 100 మందికి తగ్గకుండా విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ కౌన్సెలర్ ఉండాలంది. కోచింగ్ సెంటర్లకూ ఆ మార్గదర్శకాలు వర్తిస్తాయి. చాలా మంచిది. కానీ కౌన్సెలర్ గది దాకా పిల్లే నడిచి రావాలని కూర్చుంటే మళ్లీ మొదటికే వస్తాం. మూడు రోజులుగా మెస్‌కి రాని పిల్లెవరో వార్డెన్‌కి తెలియాలి, వెళ్లి తలుపు తట్టాలి.

ఆత్మహత్యా ప్రయత్నం జరిగితే పోలీసు కేసవుతుందని దాచిపెట్టే ఇళ్లూ ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్షించకూడదు, వైద్యం చేయించే బాధ్యత ప్రభుత్వానిది. అవమానం మాటేమిటంటారా, దానికి చట్టం లేదు, అది మన నోళ్లలోనే ఉంది.

మావాడు ఇప్పుడు చిన్న ఉద్యోగం చేస్తున్నాడు. మాత్రలు ఇంకా వాడుతున్నాడు. "ఇంకెన్నాళ్లే, అలవాటైపోతాయేమో" అని పిన్ని మొన్న కూడా అడిగింది. ఆవిడ బీపీ మాత్రకి పదిహేనేళ్లు నిండాయి.

మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్, నంబర్ 14416. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. బాధపడే మనిషే చేయాలని లేదు. ఇంట్లోవాళ్లు, స్నేహితులు చేసి "మావాడు ఇలా ఉన్నాడు, ఏం చేయాలి" అని అడిగినా చెబుతారు.