మొదటి పడవ దివ్యాంగులకి పంపండి

గోదావరి వరద సాయం అందరికీ అందిందని పేపర్లో రాశారు, మా దగ్గర నడవలేనివాళ్లకి, వినబడనివాళ్లకి మాత్రం అందలేదు. 2022 జులైలో మా లంక మునిగినప్పుడు నడవలేని మా పెదనాన్నని నులక మంచం మీదే మోసుకెళ్లి పడవ ఎక్కించాం, మూడు చక్రాల బండికి చోటు లేదంటే గట్టు మీదే వదిలేశాం, తీరా చూస్తే పునరావాస కేంద్రం పెట్టిన బడికి ఆరు మెట్లు, మరుగుదొడ్డేమో వెనకాల బురదలో. లేవాల్సొస్తుందని ఆయన రెండు రోజులు మంచినీళ్లు కూడా సరిగ్గా తాగలేదండి. పక్కింటి వినబడని అమ్మాయికి మైకులో చెప్పిందేదీ తెలియనే లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్ ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ వీళ్ల వివరాలు రాసిపెట్టుకోవాలి, ప్రమాదం సంగతి వీళ్లకి తెలియజేయాలి. వీళ్ల పెన్షన్ ఇంటికే తెచ్చిస్తున్నారు కదా, ఏ ఇల్లో తెలుసు! ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు, అప్పుడే ఆ ఇళ్లకి పడవ పంపండి, బండితో సహా ఎక్కించండి.