బుర్ర బాగుందా? అయితే మళ్లీ దిగు

రగ్బీ యూనియన్ మ్యాచ్‌లో ఒక్క సందర్భంలో మాత్రం కామెంటేటర్ గొంతు పెళ్లి కబురు చెబుతున్నట్టు పలుకుతుంది: "హెచ్ఐఏ పాసయ్యాడు, తిరిగి వస్తున్నాడు!" వెంటనే స్టేడియమంతా చప్పట్లు. పావుగంట క్రితం ఎవరి మోకాలో తలకు తగిలి గడ్డి మీద వెల్లకిలా పడి ఉన్న మనిషే ఆ వస్తున్నది. హెచ్ఐఏ (హెడ్ ఇంజురీ అసెస్‌మెంట్) అనే ఆ తలదెబ్బ పరీక్ష పాసవడం అంత ఘనకార్యమైనప్పుడు, ఈ వృత్తిలోకి వచ్చే కుర్రాళ్లకు దాని గురించి ఎవరూ చెప్పకపోవడం అన్యాయం. బంతి పట్టుకున్నవాణ్ణి పడగొట్టే ట్యాకిల్‌లో భుజం ఎక్కడ పెట్టాలో, ఇరుజట్లు తలలు వంచి తోసుకునే స్క్రమ్‌లో నడుము ఎలా వంచాలో నేర్పే కోచ్‌లు బోలెడుమంది. ఉద్యోగం నిలబెట్టే పరీక్షకు మాత్రం కోచింగ్ లేదు. ఆ కొరత ఈ వ్యాసం తీరుస్తుంది.

ముందుగా ఉద్యోగ స్వరూపం. పదహారు, పదిహేడేళ్లకు అకాడమీ. ప్రాప్‌గా, అంటే స్క్రమ్ ముందువరసలో నిలిచే బరువుమనిషిగా ఆడాలంటే 115 కిలోలు దాటేదాకా తినిపిస్తూనే ఉంటారు. ఆపైన మహా అయితే రెండు మూడేళ్ల కాంట్రాక్టు. అది పొడిగించాలంటే మైదానంలో కనిపించాలి, కనిపించాలంటే మ్యాచ్‌రోజు 23 మందిలో పేరుండాలి. దెబ్బ తగిలి పేరు పోయిందా, వెనక కాచుకున్నవాడు జెర్సీ తొడుక్కుంటాడు. వాడు రెండు మ్యాచ్‌లు బాగా ఆడితే మీ ఏజెంటుకు మీ నంబరు గుర్తుండదు. అన్నీ సవ్యంగా ఉన్నా క్లబ్బే ఉండకపోవచ్చు: ఇంగ్లండ్‌లో 2022లో వూస్టర్, వాస్ప్స్, 2023లో లండన్ ఐరిష్ అప్పుల్లో మునిగి లీగ్ నుంచి జారిపోయాయి. మోకాలి లిగమెంటు తెగితే లోకమంతా చూస్తుంది. తలలో అయింది మాత్రం దాచుకోవచ్చు. ఈ సౌకర్యాన్ని తక్కువ అంచనా వేయకండి.

ఇక పరీక్ష సంగతి. సీజన్‌కు ముందు తల కుదురుగా ఉన్నప్పుడు ఓసారి పెట్టి, ఆ మార్కులు బేస్‌లైన్‌గా దాచుకుంటారు. దెబ్బ తగిలిన రోజు మార్కులను వాటితో పోలుస్తారు. కాబట్టి చాకులాంటి అభ్యర్థి మొదటి రోజే కావాలని తప్పులు రాస్తాడు. వేసవిలో మందమతిగా నమోదైతే, శీతాకాలంలో నిజంగా మొద్దుబారినా తేడా తేలదు. మరీ ఘోరంగా రాస్తే అనుమానమొచ్చి మళ్లీ కూర్చోబెడతారు గనుక మోతాదు ముఖ్యం. తెలివి తక్కువని ముందే రుజువు చేసుకుంటే ఉద్యోగానికి రక్షణ ఉండే వృత్తి ఇదొక్కటే. (ఇంకొకటి కూడా ఉంది గానీ, దాని ఊసు ఇప్పుడెందుకు.)

పరీక్ష మైదానం పక్కగదిలో. గడువు 12 నిమిషాలు, మించితే వెనక్కి పంపరు. 118 కిలోల టైట్‌హెడ్ (కుడివైపు) ప్రాప్ కుర్చీలో కూర్చున్నాడు. చెవి క్యాలీఫ్లవర్ పువ్వులా ఉబ్బి ఉంది, కనుబొమ నిండా మట్టి. డాక్టరు అడుగుతారు: మనం ఏ మైదానంలో ఉన్నాం? గోడ మీద పెద్దక్షరాలతో రాసే ఉంది. ఇది మొదటి సగమా, రెండోదా? ఊహించి చెప్పినా సగం అవకాశం ఉంది. ఈ మ్యాచ్‌లో చివరిగా పాయింట్లు సాధించింది ఎవరు? ఇక్కడ ప్రాప్ నిజంగానే తెల్లముఖం వేస్తాడు. దెబ్బ వల్ల కాదు. ఎనభై నిమిషాల్లో ఆయన చూసేది ఎదుటి ప్రాప్ చంక, పక్కన, ముందువరస మధ్యలో ఉండే హుకర్ మెడ, నేల మీది బంతి కోసం తోసుకునే రక్‌లో అడుగునున్న గడ్డి. ట్రై (గీత అవతల బంతిని నేలకు ఆనించి పాయింట్లు తేవడం) ఎవరు వేశారో మర్నాటి పేపర్లో చూసుకునే జాతి అది. తర్వాత ఓ మాటల జాబితా వినిపించి అప్పజెప్పమంటారు. 4-9-3-8 అంటే 8-3-9-4 అని వెనక్కి చెప్పాలి. ఆపైన మూడు మీటర్ల టేపు మీద మడమకు బొటనవేలు ఆనిస్తూ వెళ్లి, తిరిగి రావాలి. ఆ కాళ్లు అంత సన్నటి దారిలో నడవగా ఎవరూ చూసి ఉండరు. తూలితే పాత చీలమండ గాయం మీదికి నెట్టెయ్యాలి. ఈలోగా తలుపు సందులోంచి ఓ కోచ్ తల దూర్చి, "ఇంకెంతసేపు డాక్టర్?" అంటాడు. పరీక్ష ఎవరికో అర్థం కాక డాక్టరే ఒక్క క్షణం తడబడతారు.

పాసయ్యాడు. అంటే కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) లేదని కాదు, ఆ పన్నెండు నిమిషాల్లో బయటపడలేదని. లక్షణాలు గంటల తర్వాత కూడా మొదలవ్వచ్చు. అందుకే మ్యాచ్ అయ్యాక అదే రోజు రెండో పరీక్ష, రెండు రాత్రులు గడిచాక మూడోది పెట్టారు. ఆ రాత్రి ఫెయిలయ్యేవాడు మధ్యాహ్నమే వెనక్కి వెళ్లి మరో పది ట్యాకిల్స్ చేసి ఉంటాడు. నియమావళికి ఇది తెలుసు. తెలిసే రాశారు.

గడువును మెదడును అడిగి పెట్టలేదు. 2012లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినప్పుడు 5 నిమిషాలే. ఇది కుదరదని డాక్టర్ బ్యారీ ఓడ్రిస్కల్ అంతర్జాతీయ రగ్బీ బోర్డు వైద్య కమిటీకి రాజీనామా ఇచ్చారు. మరుసటి ఏడాది సిడ్నీలో లయన్స్‌తో (బ్రిటన్, ఐర్లండ్‌ల ఉమ్మడి జట్టు) మూడో టెస్టులో ఆస్ట్రేలియా ఫ్లాంకర్ జార్జ్ స్మిత్ తల తగిలి కాళ్లు తేలిపోతూ బయటికెళ్లాడు, అయిదు నిమిషాలకు పాసై వచ్చేశాడు. 2015లో కార్డిఫ్‌లో వేల్స్ వింగర్ జార్జ్ నార్త్ ఒకే మ్యాచ్‌లో రెండుసార్లు తలదెబ్బ తిని చివరిదాకా ఆడాడు. రెండోసారి అతను స్పృహ తప్పినట్టు పడిపోవడం టీవీ ముందున్న వాళ్లంతా చూశారు, వైద్య బృందానికి మాత్రం కనిపించలేదట. 5 కాస్తా 10 అయింది, తర్వాత 12.

2003 నవంబరు 22న అదే సిడ్నీలో ఇంగ్లండ్ అదనపు సమయంలో ఆస్ట్రేలియాను 20-17తో ఓడించి ప్రపంచకప్ గెలిచింది. ఆ జట్టు హుకర్ స్టీవ్ థాంప్సన్ 2020 డిసెంబరులో తనకు డిమెన్షియా వచ్చిందని చెప్పాడు. అప్పటికి వయసు 42. ఆ కప్పు గెలిచిన సంగతే గుర్తులేదన్నాడు. గత మ్యాచ్‌లో మీ జట్టు గెలిచిందా అని పరీక్షలో ఓ ప్రశ్న ఉంటుంది కదా, ఇదీ దాని జవాబు. వేల్స్ ఆటగాళ్లు అలిక్స్ పోఫమ్, రయన్ జోన్స్, న్యూజీలాండ్ ప్రాప్ కార్ల్ హేమన్, అందరికీ నలభై దాటీ దాటకముందే అదే రోగం. ఆట ప్రొఫెషనల్ అయింది 1995లో. వారానికి 15 నిమిషాలకు మించి పూర్తిస్థాయి తాకిడి శిక్షణ వద్దని వరల్డ్ రగ్బీ (ఆ అంతర్జాతీయ బోర్డుకే కొత్త పేరు) చెప్పింది 2021లో. అదీ మార్గదర్శకంగానే, కచ్చితమైన నిబంధనగా కాదు. మధ్యలో ఇరవై ఆరేళ్లు మంగళవారాలూ గురువారాలూ వీళ్ల తలలు వీళ్లవాళ్లే గుద్దుకుంటుంటే అందరూ ఏం చేస్తున్నట్టు? ఆటగాళ్ల క్షేమమే మాకు ముఖ్యమని ప్రకటనలు రాస్తున్నారు.

అన్నిటికంటే ఒళ్లు మండేది ఇది. ఆదివారం సరదాకి ఆడే గుమాస్తాకో, బడిపిల్లాడికో తలకు తగిలిందని అనుమానమొస్తే చాలు, బయటికి పంపేస్తారు. పరీక్ష లేదు, ఆ రోజుకు తిరిగి రావడం లేదు. నియమం అదే. డబ్బు తీసుకునేవాడికే ఈ పన్నెండు నిమిషాల రెండో అవకాశం. వీళ్లకు డాక్టర్లు, వీడియోలు ఉన్నాయి కదా అంటారు. బెంచీ మీద ఎనిమిది మంది కూడా ఉన్నారు. యాభయ్యో నిమిషం దాటగానే అలసిపోయారని ఫ్రంట్ రో (ముందువరస) ముగ్గురినీ ఒకేసారి మార్చేస్తారు, తొడ పట్టేసిందంటే మారు మాట్లాడకుండా ఇంకొకణ్ణి దింపుతారు. తల తిరుగుతోందన్నవాణ్ణి మాత్రం కూర్చోబెట్టి అంకెలు వెనక్కి చెప్పమంటారు.